పాత ఐపాడ్ అడుగున ఉన్న 30 పిన్నులు

ఒకప్పుడు అమెరికా నుంచి ఎవరైనా సెలవులకి హైదరాబాద్ వస్తే సూట్‌కేసులో చాక్లెట్లు, సెంటు సీసాలతో పాటు ఎవరో ఒకరి కోసం ఒక ఐపాడ్ కూడా ఉండేది. అలా కూకట్‌పల్లికీ దిల్‌సుఖ్‌నగర్‌కీ చేరిన ఐపాడ్లు ఇప్పుడు బీరువా సొరుగుల్లో, పాత ఛార్జర్ల కింద పడి ఉన్నాయి. వాటికి తరచుగా వచ్చే రోగం ఒకటే. ఇయర్‌ఫోన్ పెట్టే జాక్ లూజైపోయి పాట ఒక చెవిలోనే వినిపిస్తుంది, లేదా వైరుని వేలితో ఒక పక్కకి నొక్కి పట్టుకుంటే తప్ప అసలు వినిపించదు. దాంతో పోయిందిలే అని పక్కన పెట్టేస్తారు. కానీ అందులోంచి పాట బయటికి రావడానికి ఆ జాక్ ఒక్కటే దారి కాదు, అసలు అది మంచి దారి కూడా కాదు. అడుగున సన్నగా, వెడల్పుగా ఒక కనెక్టర్ ఉంటుంది కదా, దానిలో 30 పిన్నులకి చోటుంది. రోజూ ఛార్జింగ్‌కీ కంప్యూటర్‌కీ పనికొచ్చేవి వాటిలో నాలుగైదే. మిగతావాటిని చేతికి అందేలా బయటికి తెచ్చేదే బ్రేకౌట్ బోర్డు.

పేరు పెద్దదే కానీ ఆ బోర్డు మీద చిప్పు ఉండదు, ప్రోగ్రామ్ ఉండదు, చాలావాటి మీద ఒక్క రెసిస్టర్ కూడా ఉండదు. ఒక చివర ప్లేయర్‌లోకి దూరే ప్లగ్గు, ఇంకో చివర వరసగా రంధ్రాలు, మధ్యలో రాగి గీతలు, అంతే. మరి అదెందుకు అంటే కొలతల వల్ల. కనెక్టర్‌లో ఒక పిన్నుకీ పక్క పిన్నుకీ మధ్య దూరం 0.5 మి.మీ., అంటే ఒక సోనామసూరి బియ్యపు గింజ వెడల్పులో మూడు పిన్నులు పట్టేస్తాయి. మామూలు సోల్డరింగ్ ఐరన్ మొన అంత సన్నగా ఉండదు, ఒక పిన్నుకి వైరు అతికించబోతే పక్కన రెండూ కలిసిపోతాయి. అదే ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టులకి వాడే బ్రెడ్‌బోర్డులో రంధ్రాల మధ్య దూరం 2.54 మి.మీ. కనెక్టర్‌లో ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేని 30 పిన్నుల వరసని ఏడు సెంటీమీటర్ల పైచిలుకు పొడవుకి పరిచి, ఒక్కో పిన్ను పక్కన దాని నంబరు అచ్చువేసి ఇవ్వడమే ఈ బోర్డు చేసే మొత్తం పని. ఆ పని చిన్నదేమీ కాదు, ఎందుకంటే ఆ తర్వాత ప్రతిదీ మల్టీమీటర్‌తో కొలవొచ్చు, జంపర్ వైరుతో కలపొచ్చు, తప్పనిపిస్తే లాగేయొచ్చు.

2001లో వచ్చిన మొదటి ఐపాడ్‌కి ఈ కనెక్టర్ లేదు, పైన ఫైర్‌వైర్ పోర్టు (కంప్యూటర్‌కి కలిపే అప్పటి కేబుల్ రకం) ఉండేది. 2003లో మూడో తరం ఐపాడ్‌తో 30 పిన్నులది వచ్చింది, 2012లో లైట్నింగ్ అనే కొత్త కనెక్టర్ వచ్చేదాకా అదే ఆకారం నడిచింది. షఫుల్‌ని మినహాయిస్తే ఆ తొమ్మిదేళ్ళలో వచ్చిన మినీ, నానో, వీడియో, క్లాసిక్, టచ్, తొలి ఐఫోన్లు, తొలి ఐప్యాడ్లు అన్నిటికీ ఒకే ప్లగ్గు సరిపోతుంది. అందుకే ఒక్క బోర్డు కొన్నా ఇంట్లో ఉన్న నాలుగు రకాల ప్లేయర్లకీ పనికొస్తుంది. అయితే ఆకారం ఒకటే అయినంత మాత్రాన లోపల వైరింగ్ అంతా ఒకటే అనుకోకూడదు, ఆ తేడా దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు.

అన్నిటికంటే ముందు చూడాల్సినవి 3, 4 పిన్నులు. 3 కుడి ఛానల్ లైన్ అవుట్, 4 ఎడమ ఛానల్ లైన్ అవుట్, వాటికి గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే దారి, 2. ఈ మూడు వైర్లే చాలామంది బోర్డు కొనడానికి కారణం, అది సరైన కారణమే. ఇయర్‌ఫోన్ జాక్‌కి వచ్చే శబ్దం ప్లేయర్ లోపల ఒక చిన్న యాంప్లిఫయర్ గుండా, వాల్యూమ్ కంట్రోల్ గుండా వస్తుంది. ఆ యాంప్లిఫయర్‌ని చెవుల్లో పెట్టుకునే బుల్లి స్పీకర్ల కోసం పెట్టారు. దాన్ని తీసుకెళ్ళి హాల్లో ఉన్న పెద్ద యాంప్లిఫయర్‌కి ఆక్స్ కేబుల్‌తో కలిపితే ఒకసారి పెంచిన శబ్దాన్నే మళ్ళీ పెంచినట్టు, మొదటి దానిలో ఉన్న గరగర కూడా దాంతో పాటే పెరుగుతుంది. లైన్ అవుట్ ఆ చిన్న యాంప్లిఫయర్ దాకా వెళ్ళకుండా ముందే బయటికి వచ్చేస్తుంది. ప్లేయర్‌లో వాల్యూమ్ ఎంత పెట్టినా, అసలు సున్నా చేసినా, ఆ రెండు పిన్నుల మీద లెవెల్ మారదు. వాల్యూమ్ అంతా బయట యాంప్లిఫయర్ దగ్గరే చూసుకోవాలి. మొదటిసారి కలిపినవాళ్ళు వాల్యూమ్ పని చెయ్యట్లేదని కంగారు పడతారు కానీ అది లోపం కాదు, లైన్ అవుట్ అంటేనే అది.

కెపాసిటర్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కొన్ని మోడళ్ళలో ఈ పిన్నుల మీద పాటతో పాటు కొంచెం డీసీ వోల్టేజీ కూడా బయటికి వస్తుంది. మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి, పాట పాజ్ చేసి, 2 మీద నల్ల ప్రోబు, 3 మీద ఎర్ర ప్రోబు పెడితే వెంటనే తెలిసిపోతుంది. మీటరు సున్నాకి దగ్గరగా చూపిస్తే గొడవ లేదు. వోల్టేజీ కనిపిస్తే డీసీని ఆపి పాటని మాత్రం పోనిచ్చే కెపాసిటర్‌ని ఒక్కో ఛానల్‌కి వరసలో ఒకటి పెట్టాలి. చేతిలో ఏది ఉంటే అది పెట్టేస్తే మాత్రం బేస్ పోతుంది. యాంప్లిఫయర్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు అనుకుంటే, 0.1 మైక్రో ఫారడ్‌ది పెట్టినప్పుడు దాదాపు 160 హెర్ట్జ్ నుంచి కిందకి శబ్దం తగ్గిపోతూ వస్తుంది, అంటే తబలాలో డగ్గా మోత పల్చబడి పైన టకటక మాత్రం మిగులుతుంది. 1 మైక్రో ఫారడ్ అయితే ఆ హద్దు 16 హెర్ట్జ్‌కి, 10 మైక్రో ఫారడ్ అయితే 1.6 హెర్ట్జ్‌కి దిగుతుంది. ఐపాడ్ శబ్దం సన్నగా ఉందని తిట్టే ముందు ఈ కెపాసిటర్ ఎంతదో ఒకసారి చూడాలి.

ఇంకో జాగ్రత్త ఉంది, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ప్లగ్గుని ఎదురుగా పట్టుకుని చూస్తే 1వ పిన్ను ఒక పక్క ఉంటుంది, ప్లేయర్‌లో సాకెట్‌ని ఎదురుగా చూస్తే అదే పిన్ను ఇంకో పక్క కనిపిస్తుంది, అద్దంలో చూసినట్టు. ఎక్కడో దొరికిన బొమ్మ ప్లగ్గుదో సాకెట్‌దో తెలియకుండా వైర్లు కలిపేస్తే నంబర్లన్నీ తలకిందులైపోతాయి. సాధారణంగా ఎవరైనా ముందు గ్రౌండ్‌ని మీటరుతో చూసుకుని, బీప్ వచ్చింది కదా, నంబర్లు సరిగ్గానే ఉన్నాయి అనుకుంటారు. ఈ కనెక్టర్‌లో ఆ పరీక్ష మోసం చేస్తుంది. 1, 2 గ్రౌండ్. 15, 16 గ్రౌండ్. 29, 30 కూడా గ్రౌండే. వరసని తిరగేసి లెక్కపెట్టినా 1 వెళ్ళి 30 అవుతుంది, 2 వెళ్ళి 29 అవుతుంది, 15, 16 తమలో తాము చోట్లు మార్చుకుంటాయి. అంటే తలకిందులుగా ఉన్నా గ్రౌండ్లన్నీ గ్రౌండ్లలాగే కనిపిస్తాయి! ఆ ధైర్యంతో ఛార్జింగ్ పిన్ను 23 అనుకుని 5 వోల్టులు ఇస్తే అవి నిజంగా వెళ్ళేది 8వ పిన్నుకి, అది వీడియో బయటికి వచ్చే పిన్ను. ఖరీదైన ఐపాడ్ ఒక్క సెకనులో పోవడానికి అది చాలు.

దీనికి సరైన పరీక్ష 18వ పిన్ను. బయటి నుంచి కరెంటేమీ ఇవ్వకుండా బోర్డుని ప్లేయర్‌కి తగిలించి, ప్లేయర్ ఆన్ చేసి, గ్రౌండ్‌కీ 18కీ మధ్య కొలవాలి. 3.3 వోల్టులు కనిపించాలి, ఎందుకంటే బయట తగిలించిన సామానుకి ప్లేయరే ఇచ్చే సరఫరా అది. కనిపించకపోతే ముందుకి వెళ్ళకూడదు. ఆ తర్వాత పాట పెట్టి 3, 4ల మీద శబ్దం వస్తోందో లేదో చూసుకోవాలి. ఈ రెండూ తేలాకే 23 జోలికి వెళ్ళడం మంచిది. 18 నుంచి వచ్చే కరెంటు కొంచెమే, దానితో యాంప్లిఫయర్‌ని నడపాలని చూడొద్దు.

ఛార్జింగ్ సంగతికి వస్తే, 23 మీద 5 వోల్టులు, 15, 16 మీద గ్రౌండ్ ఇస్తే సరిపోవాలి కానీ చాలా మోడళ్ళు అంతటితో ఒప్పుకోవు. 25, 27 అనేవి యూఎస్‌బీ డేటా వైర్లు. ఛార్జర్ ఎంత కరెంటు ఇవ్వగలదో ప్లేయర్ ఆ రెండిటి మీద ఉన్న వోల్టేజీని చూసి నిర్ణయించుకుంటుంది. రెండిటి మీదా 2 వోల్టులు ఉంటే 500 మిల్లీ ఆంపియర్ల ఛార్జర్ అనుకుంటుంది. ఈ గుట్టు ఆపిల్ చెప్పింది కాదు, ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే ఆడాఫ్రూట్ కంపెనీని స్థాపించిన లిమోర్ ఫ్రైడ్ లాంటివాళ్ళు ఛార్జర్లు విప్పి, కొలిచి అందరికీ చెప్పినది. ఆ 2 వోల్టులు తయారు చెయ్యడం తేలికే, 5 వోల్టుల నుంచి 75 కిలో ఓమ్‌లు, గ్రౌండ్‌కి 50 కిలో ఓమ్‌లు పెడితే మధ్యలో 2 వోల్టులు వస్తాయి.

పాతవాటిలో 19, 20 పిన్నుల మీద ఫైర్‌వైర్ 12 వోల్టులు కూడా ఛార్జింగ్‌కి పనికొచ్చేవి. 2008లో వచ్చిన నానో, టచ్, ఐఫోన్ 3జీ నుంచి ఆపిల్ దాన్ని తీసేసింది. కార్లకోసం అంతకుముందు చేసిన పాత డాకుల్లో (ప్లేయర్‌ని కూర్చోబెట్టి తగిలించే స్టాండ్లలో) చాలావాటికి ఆ 12 వోల్టులే ఆధారం, అందుకే ఐపాడ్ వాటిలో పాట పాడుతుంది కానీ ఛార్జ్ అవ్వదు. పాడైపోయిందని ఏది పారేసే ముందైనా ఏ సంవత్సరపు ప్లేయరు, ఏ సంవత్సరపు డాకు అని ఒకసారి సరిచూసుకుంటే బాగుంటుంది. కారులో ఇంకో తంటా, ఛార్జింగ్ పెట్టగానే స్పీకర్లలో ఇంజిన్‌తో పాటు పెరిగే సన్నని ఈల. ఛార్జింగ్ కరెంటు, పాట ఒకే గ్రౌండ్ వైరు మీద నడిస్తే అలా వస్తుంది. పాటకి 2, ఛార్జింగ్‌కి 15, 16 అని వైర్లు విడిగా లాగితే చాలావరకు తగ్గుతుంది, అప్పటికీ పోకపోతే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బా మధ్యలో పెట్టాలి.

ఇక 21. తగిలించిన సామాను ఏ రకానిదో ప్లేయర్ ఈ పిన్ను మీదే పసిగడుతుంది, ఇక్కడి నుంచి గ్రౌండ్‌కి ఎంత రెసిస్టెన్స్ ఉందో చూసి. 1 కిలో ఓమ్ ఉంటే డాకు, 500 కిలో ఓమ్‌లు ఉంటే సీరియల్ కబుర్లు (ఒక్కో బిట్టూ వరసగా ఒకే వైరు మీద పంపేవి) చెప్పే కారు అడాప్టర్, 1 మెగా ఓమ్ ఉంటే కరెంటు పోగానే పాట దానంతటదే ఆగిపోయే రకం కారు ఛార్జర్, 68 కిలో ఓమ్‌లు ఉంటే ఐఫోన్ విసుగు పుట్టించే హెచ్చరిక చూపించకుండా పాటని లైన్ అవుట్‌కి పంపుతుంది. రూపాయో రెండు రూపాయలో చేసే రెసిస్టర్ ఒక్కటి లేకపోవడం వల్లే చాలామంది బోర్డు నకిలీదని, ప్లేయర్ చచ్చిపోయిందని అనుకుంటారు. టచ్, ఐఫోన్‌ల మీద పనిచేసేటప్పుడు శబ్దం రాకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

సీరియల్ అన్నాం కదా, సరదా అంతా అక్కడుంది. 12వ పిన్ను మీద ఐపాడ్ మాట్లాడుతుంది, 13 మీద వింటుంది. వేగం సెకనుకి 19,200 బిట్లు. ప్లే బటన్ నొక్కినట్టు చెయ్యాలంటే దానికి పంపాల్సినవి ఏడు బైట్లు, హెక్సాలో (పదికి బదులు పదహారు అంకెలతో లెక్కపెట్టే పద్ధతిలో) రాస్తే ఎఫ్ఎఫ్, 55, 03, 02, 00, 01, ఎఫ్ఏ. మొదటి రెండూ వినవయ్యా అని పిలవడం లాంటివి. 03 అంటే తర్వాత మూడు బైట్ల కబురు ఉందని. 02 అంటే రిమోట్ కంట్రోల్ పని అని. 00, 01 కలిసి ప్లే బటన్. చివరి ఎఫ్ఏ లెక్క సరిచూసుకోవడానికి, 03, 02, 00, 01 కూడితే 6, దాన్ని 256లో నుంచి తీసేస్తే 250, హెక్సాలో అదే ఎఫ్ఏ. ఆ 01 చోట 02 పెడితే వాల్యూమ్ పెరుగుతుంది, 04 పెడితే తగ్గుతుంది, 08 పెడితే తర్వాతి పాట, 10 పెడితే వెనక పాట, బటన్ మార్చినప్పుడల్లా చివరి బైటు కూడా అదే లెక్కలో మారాలి. ఏడు బైట్లూ వెళ్ళడానికి నాలుగు మిల్లీ సెకన్లు కూడా పట్టదు.

ఇక్కడ అందరూ మర్చిపోయేది, బటన్ నొక్కినట్టు చెప్పాక వదిలేసినట్టు కూడా చెప్పాలి. ఎఫ్ఎఫ్, 55, 03, 02, 00, 00, ఎఫ్‌బీ. అది పంపకపోతే ఐపాడ్ దృష్టిలో వేలు ఇంకా బటన్ మీదే ఉన్నట్టు లెక్క, దాంతో తర్వాతి పాటకి వెళ్ళమంటే పాటని ఫాస్ట్‌గా ముందుకి తోసేస్తూ పోతుంది. ఈ బైట్లు పంపడానికి వాడేది ఆర్డునో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు అయితే దాని సిగ్నల్ 5 వోల్టులది, ఐపాడ్‌ది 3.3, నేరుగా కలపకూడదు. 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో 5ని 3.3కి దించి 13కి ఇవ్వాలి. దీనితో ఏం చెయ్యొచ్చు అంటే, కళ్ళు సరిగ్గా కనిపించని తాతగారికోసం ఒక చెక్కపెట్టె మీద నాలుగు పెద్ద బటన్లు పెట్టి, లోపల ఐపాడ్ దాచి, ఆయన ఇష్టపడే ఘంటసాల పాటలు స్క్రీన్‌తో పనిలేకుండా వినేలా చెయ్యొచ్చు. పగిలిన స్క్రీను ఉన్న ప్లేయర్‌కి ఇంతకంటే మంచి ఉపయోగం దొరకదు.

అన్ని పిన్నులూ ఇలా మాట వినవు. 2007లో వచ్చిన క్లాసిక్, మూడో తరం నానోల నుంచి వీడియో బయటికి రావాలంటే తగిలించిన సామానులో ఆపిల్ ఇచ్చే ధ్రువీకరణ చిప్పు ఉండాల్సిందే. అంతకుముందు టీవీ అవుట్ ఉన్న మోడళ్ళలో 8వ పిన్నుని టీవీకి కలిపి, సెట్టింగ్స్‌లో టీవీ అవుట్ ఆన్ చేస్తే బొమ్మ వచ్చేసేది. బోర్డులో పిన్ను కనిపిస్తోంది కాబట్టి వీడియో వస్తుందని ఆశపడి 2007 తర్వాతి క్లాసిక్ కొంటే డబ్బు దండగ. కొన్నవాళ్ళ సొత్తుకి ఇలా తాళం వేయడం సరైన పని కాదు. పాట, ఛార్జింగ్, సాదా రిమోట్ మాత్రం ఆ తాళం అవసరం లేకుండానే నడుస్తాయి.

2012 తర్వాతి లైట్నింగ్‌కి ఈ కథ దాదాపు వర్తించదు. దానిలో ఉన్నవి 8 కాంటాక్టులే, అనలాగ్ లైన్ అవుట్ వాటి మీద లేదు, పాట డిజిటల్‌గా బయటికొచ్చి అడాప్టర్‌లోని చిప్పు దగ్గర శబ్దంగా మారుతుంది. బోర్డు పెట్టి వైర్లు బయటికి లాగినా స్పీకర్‌కి కలపడానికి ఏమీ దొరకదు. సోనీ వాక్‌మన్ ప్లేయర్లలో చాలావాటికి 22 పిన్నుల వేరే కనెక్టర్ ఉంది, దానికి దాని బోర్డే కావాలి. శాన్‌డిస్క్ సాన్సా ప్లేయర్లలో కొన్నిటికి ఉన్నది చూడ్డానికి అచ్చం ఆపిల్‌దిలాగే 30 పిన్నులది, కానీ లోపల నంబర్లు వేరు. ఒకటి పట్టింది కదా అని ఇంకొకదానిలో దూర్చకూడదు.

హైదరాబాద్‌లో సామాను విషయానికొస్తే, రెసిస్టర్లు, కెపాసిటర్లు, జంపర్ వైర్లకి కోఠిలో గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. 30 పిన్నుల బ్రేకౌట్ బోర్డు మాత్రం అక్కడ అడిగితే దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఈలోగా చాలామందికి వచ్చే ఆలోచన, ఇంట్లో పాత ఛార్జింగ్ కేబుల్ కోసేస్తే సరిపోతుంది కదా అని. కోసి చూస్తే లోపల నాలుగే వైర్లు ఉంటాయి, 5 వోల్టులు, గ్రౌండ్, రెండు డేటా. చవక కేబుళ్ళ ప్లగ్గులోకి టార్చి వేసి చూస్తే ఆ నాలుగైదు చోట్ల మాత్రమే బంగారు రంగు రేకు మెరుస్తుంది, మిగతా చోట్లు ఖాళీ. 3, 4ల దగ్గర లోహమే లేనప్పుడు పాట ఎక్కడి నుంచి వస్తుంది?

అంతకంటే మంచి దారి ఇంకొకటుంది. ఐపాడ్‌ని నిలబెట్టి పాటలు వినే స్పీకర్ డాకులు ఒకప్పుడు బాగా అమ్ముడయ్యాయి, ఇప్పుడు వాటిని అడిగేవాడు లేడు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత రేడియోలు, రిమోట్ల కుప్పల మధ్య అలాంటిది కనిపిస్తే వదలొద్దు. స్పీకర్లు చిరిగిపోయినా, అడాప్టర్ లేకపోయినా ఫర్వాలేదు, చూడాల్సింది మధ్యలో పైకి పొడుచుకుని ఉన్న ప్లగ్గు వంగకుండా, రేకులు నల్లబడకుండా ఉందా అని. ఇంటికి తెచ్చి అడుగున స్క్రూలు విప్పితే ఆ ప్లగ్గు ఒక చిన్న బోర్డు మీద కూర్చుని ఉంటుంది, దాన్నుంచి రంగురంగుల వైర్లు పెద్ద బోర్డుకి వెళ్తుంటాయి. ఏది పాట, ఏది గ్రౌండ్, ఏది 21కి పెట్టిన రెసిస్టర్ అన్నది వైరు వైరుకీ మీటరు పెట్టి బీప్ వింటూ కాగితం మీద రాసుకోవాలి. గంట పని. కాగితం మీద నంబర్లు నిండాక ఆ వైర్లని పెద్ద బోర్డు నుంచి విప్పేస్తే, 0.5 మి.మీ. దగ్గర సోల్డరింగ్ చేసే బాధ లేకుండా చేతిలో మిగిలేది బ్రేకౌట్ బోర్డే.